ప్లేస్‌మెంట్ మా బాధ్యత అన్నారు, యూకేలో ఫిజిక్స్ అన్నారు... నేను మునిగాను, మీరు చూసుకోండి

పేరు రాయను. అమీర్‌పేటలో మెట్రో దిగగానే చేతిలో పాంప్లెట్ పెట్టే కన్సల్టెన్సీల్లో ఒకటి, మీకు తెలిసిన బాపతే. ఎమ్మెస్సీ ఫిజిక్స్, రెండేళ్లు, అందులో ఏడాది ఇండస్ట్రీ ప్లేస్‌మెంట్, అంటే చదువులో భాగంగా కంపెనీలో పని. సర్వీస్ ఛార్జీ 60,000, ఏటాస్ సర్టిఫికెట్‌కి (ఇలాంటి సైన్స్ కోర్సులకి యూకే ప్రభుత్వం ఇచ్చే అనుమతి) ఇంకో 15,000. కట్టాం. సెప్టెంబర్లో వచ్చేశాను.

పోయిన వారం యూనివర్సిటీ ప్లేస్‌మెంట్ ఆఫీసులో మేడమ్ నిదానంగా చెప్పింది. కంపెనీని వెతుక్కోవాల్సింది నేనేనట. వాళ్లు సీవీ దిద్దుతారు, ఇంటర్వ్యూకి తయారు చేస్తారు, అంతవరకే. దొరక్కపోతే ఏడాది కోర్సుకి మార్చి, వీసాలు చూసే హోమ్ ఆఫీసుకి చెప్తారు, వీసా గడువు తగ్గిపోతుంది. ఇదంతా కోర్సు పేజీలో కింద రాసే ఉంది. ష్రోడింగర్ సమీకరణం అంకెలతో సహా సాధిస్తాను గానీ, లక్షలు పోసే పేజీని చివరిదాకా చదవలేదు. మహా మేధావిని.

ఇప్పటికి 41 అప్లికేషన్లు. ఫిజిక్స్ వాళ్లని తీసుకునేవాటిలో రక్షణ, అణు రంగాల కంపెనీలు బోలెడు. సెక్యూరిటీ క్లియరెన్స్ (ప్రభుత్వ భద్రతా తనిఖీ) అడుగుతారు, దానికి మామూలుగా ఇక్కడ అయిదేళ్లు ఉండాలి. నేను వచ్చి అయిదు నెలలు. లేజర్ల కంపెనీ ఒకటి, మెడికల్ ఇమేజింగ్ కంపెనీ ఒకటి ఇంటర్వ్యూకి పిలిచాయి. రెండూ పోయాయి.

నిన్న తెల్లవారుజామున అయిదింటికి లేచి, అమీర్‌పేట కన్సల్టెన్సీ ఆఫీసు తెరిచే టైముకి ఫోన్ చేశాను. అదే కౌన్సెలర్. ఆ రోజు మా నాన్నకి టీ తెప్పించి, చెయ్యి పట్టుకుని, "అంకుల్, ప్లేస్‌మెంట్ మా బాధ్యత, మీరు నిశ్చింతగా ఉండండి" అన్న మనిషి.

"ఎవరు? ఏ ఇన్‌టేక్?"

చెప్పాను.

"ప్లేస్‌మెంట్ అంటే ఆప్షన్ బ్రదర్. టాలెంట్ ఉంటే వస్తుంది."

ఏటాస్‌కి 15,000 ఎందుకు తీసుకున్నారని అడిగాను.

"అది గవర్నమెంట్ ఫీజు."

గవర్నమెంట్ సైట్‌లో ఉచితం అని ఉందన్నాను. కాసేపు చప్పుడు లేదు. వెనకాల ఎవరో నవ్వుతున్నారు.

"అది మా ప్రాసెసింగ్. సరే గానీ, మీ తమ్ముడి బీటెక్ అయిపోతోంది కదా? మే ఇన్‌టేక్‌కి ఆఫర్ నడుస్తోంది, నాన్నగారితో ఒకసారి మాట్లాడించండి."

ఫోన్ పెట్టేసి రసీదు తీశాను. ప్లేస్‌మెంట్ అన్న మాటే లేదు దాని మీద. 'ఇతర సేవలు' అట.

వచ్చేవాళ్లు ఒక్కటి చెయ్యండి. డబ్బు కట్టకముందే యూనివర్సిటీకి మీరే మెయిల్ పెట్టండి: ప్లేస్‌మెంట్ మీరు ఇప్పిస్తారా, దొరక్కపోతే నా కోర్సు, వీసా ఏమవుతాయి అని. జవాబు దాచుకోండి. ఏటాస్‌కి అప్లై చేయడానికి పైసా కట్టక్కర్లేదు, కాకపోతే వారాలు పడుతుంది, ముందే పెట్టుకోండి. సెమీకండక్టర్ల కంపెనీ ఒకదానికి ఈ రాత్రికే గడువు, వెళ్తున్నా. 42వది.