ఊరి సంగతులకు ఏది మేలు: వాట్సాప్ గ్రూపా, రచ్చబండా, గ్రామసభా?

2016లో జియో వచ్చి డేటా చవకయ్యాక మన పల్లెల్లో వాట్సాప్ గ్రూపు లేని ఊరు దాదాపు లేదు. చావు కబురు, కరెంటు కోత, రేషన్ బియ్యం ఇస్తున్నారన్న మాట, తప్పిపోయిన గేదె ఫోటో, అన్నీ అందులోకే వస్తున్నాయి. మరి రచ్చబండ, గ్రామసభ ఇక అక్కర్లేదా అంటే నేను ఒప్పుకోను.

కబురు చేరవేయడం వరకే చూస్తే గ్రూపుకి సాటి లేదు. ఎవరికైనా రక్తం కావాలన్నా, ఆపరేషన్‌కి చందాలు పోగెయ్యాలన్నా హైదరాబాద్‌లో, దుబాయ్‌లో ఉన్న మన ఊరివాళ్లు అప్పటికప్పుడు ఫోన్‌పే చేస్తారు. రచ్చబండ దగ్గర ఎంత మాట్లాడుకున్నా అది కుదరదు, పంపగలిగినవాళ్లలో చాలామంది ఊళ్లోనే లేరు కదా.

గొడవ వచ్చిందంటే మాత్రం లెక్క మారిపోతుంది. కాలువ నీళ్ల వంతు దగ్గర ఇద్దరికి మాటామాటా వచ్చిందనుకోండి, రచ్చబండ దగ్గరైతే ఎవరో ఒక పెద్దాయన "ఆగరా, ముందు వాడు చెప్పేది విను" అంటాడు, కాసేపటికి స్వరాలు తగ్గుతాయి. అదే గ్రూపులో ఒకడు కోపంగా వాయిస్ మెసేజ్ పెడితే అది ఇంకో నాలుగు గ్రూపులకి పోతుంది, ఎవరో దానికి బొటనవేలు పైకెత్తిన బొమ్మ పెడితే వాడు అవతలి పక్షమని ముద్ర పడుతుంది, మర్నాటికి రెండు కుటుంబాలు కూడా పలకరించుకోవు. పుకార్ల సంగతి చెప్పనే అక్కర్లేదు. 2018లో పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్లు తిరుగుతున్నారన్న మెసేజ్‌లు నమ్మి దేశంలో చాలాచోట్ల అమాయకుల్ని కొట్టి చంపారు, ఆ తర్వాతే మన దేశంలో ఒకేసారి ఐదు చాట్‌లకు మించి ఫార్వర్డ్ చెయ్యకుండా వాట్సాప్ కట్టడి పెట్టింది.

అలాగని రచ్చబండని నెత్తిన పెట్టుకోలేను. అక్కడ కూర్చునేది మగవాళ్లే. గ్రూపులోనైనా ఆడవాళ్లు మాట్లాడతారా అంటే, మెసేజ్ పెడితే నంబరు అందరి కంట్లో పడుతుంది, రాత్రిపూట ఎవడెవడో "హాయ్" అని పంపుతాడు, ఆ భయానికే చాలామంది నోరు మెదపరు. నేను చూసినంతలో వాళ్లు ధైర్యంగా మాట్లాడేది డ్వాక్రా మీటింగ్‌లోనే.

గ్రామసభ ఈ రెంటికీ పూర్తిగా వేరు. ఊరి ఓటర్ల జాబితాలో పేరున్న ప్రతివాళ్లూ అందులో సభ్యులే. గ్రూపులో నుంచి అడ్మిన్ మిమ్మల్ని తీసెయ్యగలడు, గ్రామసభలో నుంచి సర్పంచ్ కూడా తీసెయ్యలేడు. పైగా వాట్సాప్ గ్రూపులో 1024 మందికి మించి పట్టరు, మూడు వేల ఓట్లున్న ఊరు అందులో ఎలా ఇముడుతుంది? స్మార్ట్‌ఫోన్ లేని ముసలివాళ్లు అసలు లెక్కలోకే రారు. పింఛను, రోడ్డు, డ్రైనేజీ లాంటివి గ్రామసభలోనే తేలాలి. జనం పలచగా వస్తున్నారని తెలుసు, తూతూమంత్రంగా సంతకాలు పెట్టించుకునే ఊళ్లున్నాయనీ తెలుసు. అందుకే సభ ఎప్పుడో, ఏయే విషయాలు చర్చకొస్తాయో ముందురోజే గ్రూపులో పెట్టాలి, ఫోన్లు లేనివాళ్ల కోసం మైకులో చెప్పించాలి.

అడ్మిన్లకు ఒక్క మాట. గ్రూపులో ఇద్దరు తిట్టుకోవడం మొదలెట్టగానే అడ్మిన్లు తప్ప ఇంకెవరూ మెసేజ్ పెట్టకుండా సెట్టింగ్ మార్చేసి, ఆ ఇద్దరికీ ఫోన్ చేసి సాయంత్రం రచ్చబండ దగ్గరికి రమ్మనండి.