ఒకే ఐపీతో వచ్చే మెషిన్లకు మోక్సా నాట్-102: ఎక్కడ పనికొస్తుంది, ఎక్కడ చేతులెత్తేస్తుంది

ఒకే తయారీదారు పంపిన నాలుగు మెషిన్లలోనూ పీఎల్‌సీ (మెషిన్‌ను నడిపే కంట్రోలర్) 192.168.0.1, హెచ్ఎంఐ (ఆపరేటర్ వాడే తెర) 192.168.0.2 అనే ఉంటే వాటిని ప్లాంటు నెట్‌వర్క్‌కు నేరుగా తగిలించలేం. ఐపీలు మార్చేద్దామంటే హెచ్ఎంఐ, మోటార్లను నడిపే డ్రైవులు, రిమోట్ ఐఓ (దూరంగా బిగించే ఇన్‌పుట్, అవుట్‌పుట్ మాడ్యూళ్లు) అన్నిట్లోనూ పాత అడ్రసే రాసి ఉంటుంది, ప్రోగ్రాం పాస్‌వర్డేమో తయారీదారు దగ్గర. అలాంటిచోట మెషిన్‌కొకటి చొప్పున మోక్సా నాట్-102 అనే ఈ చిన్న పెట్టె పెట్టుకోవచ్చు. నాట్ అంటే లోపలి ఐపీని బయటికి వేరే ఐపీగా మార్చి చూపడం. ఉన్నవి రెండే పోర్టులు కాబట్టి ప్యానెల్లో నెట్‌వర్క్ స్విచ్ ఎలాగూ ఉండాలి.

ఒకటికొకటి నాట్ వాడండి, అంటే లోపలి ఒక్కో అడ్రసుకు బయట ఒక్కో అడ్రసు. మొదటి మెషిన్‌కు బయట 10.20.5.11, 10.20.5.12, రెండోదానికి 10.20.5.21, 10.20.5.22. ఈ అడ్రసులు డీహెచ్‌సీపీ (ఐపీలను తనంతట తానే పంచే సర్వీసు) ఇచ్చే పరిధిలో ఉండకూడదు. ఉంటే ఎవరి ల్యాప్‌టాప్‌కో అదే ఐపీ దక్కి, స్కాడా (మెషిన్లను కంప్యూటర్ నుంచి గమనించే సాఫ్ట్‌వేర్) ఉన్నట్టుండి తెగిపోతుంది.

నియమాలన్నీ సరిగ్గా రాసినా పింగ్ (పరికరం పలుకుతోందో చూసే పరీక్ష) రాకపోతే పెట్టెను తిట్టకండి. చాలాసార్లు తప్పు పీఎల్‌సీలోనే ఉంటుంది: గేట్‌వే (బయటి నెట్‌వర్క్‌కు దారి చూపే అడ్రసు) గడి ఖాళీ. ప్యాకెట్ లోపలికి చేరుతుంది, జవాబుకు బయటికి దారి తెలియదు. గేట్‌వేగా నాట్ లోపలి అడ్రసు ఇవ్వాలి. పీఎల్‌సీని ముట్టుకునే వీలు లేకపోతే లోపలికొచ్చే ప్యాకెట్ సోర్స్ అడ్రసునూ మార్చే డబుల్ నాట్ ఒక్కటే దారి.

పీఎల్‌సీ డేటాను వేరే సాఫ్ట్‌వేర్‌కు అందించే ఓపీసీ యూఏ ప్రోటోకాల్‌తో ఇంకో తిరకాసు. 4840 పోర్టుకు కనెక్షన్ కుదిరినట్టే కనిపిస్తుంది. కానీ సర్వర్ తన ఎండ్‌పాయింట్‌గా (కనెక్ట్ కావాల్సిన చిరునామాగా) 192.168.0.1నే చెబుతుంది, క్లయింటు ఆ అడ్రసుకే పోయి టైమౌట్ అవుతుంది. సర్వర్ చెప్పిన చిరునామాను పక్కనపెట్టి మనమిచ్చినదే వాడే సెట్టింగ్ క్లయింటులో ఉందో లేదో ముందే చూసుకోండి. మోడ్‌బస్ టీసీపీ (పోర్టు 502), సీమెన్స్ ఎస్7 (పోర్టు 102) ప్రోటోకాల్స్ మాత్రం పేచీ పెట్టవు.

సీమెన్స్ ప్రోగ్రామింగ్ సాఫ్ట్‌వేర్ టియా పోర్టల్‌లో పరికరాల వెతుకులాట నాట్ దాటి పనిచేయదు. బయటి ఐపీని చేత్తో టైప్ చేయాల్సిందే. ప్రొఫినెట్ ఐఓ (పీఎల్‌సీకీ పరికరాలకూ మధ్య డేటా నడిపే పద్ధతి) కూడా దాటదు, అది లేయర్ 2, అంటే ఐపీతో కాక మ్యాక్ (హార్డ్‌వేర్) అడ్రసులతో నడుస్తుంది. రెండు మెషిన్ల మధ్య ఇంటర్‌లాక్ సిగ్నళ్లు (ఒకటి నడవడానికి రెండోది అనుమతించే సంకేతాలు) ప్రొఫినెట్‌లో నడవాలంటే రెండు ప్రొఫినెట్ నెట్‌వర్కులను కలిపే పీఎన్/పీఎన్ కప్లర్ కొనండి, ఇది వద్దు. ఏ నాట్ పెట్టె కొన్నా ఇంతే.

నాట్-102లో నచ్చేది ఆటో లెర్నింగ్ లాక్. లోపలి పరికరాల ఐపీ, మ్యాక్ అడ్రసులు తనే నేర్చుకుని, మిగతావాటిని ఆపేస్తుంది. దాంతోనే చిక్కు కూడా: కాలిపోయిన పీఎల్‌సీ స్థానంలో కొత్తది పెడితే మ్యాక్ మారుతుంది, మళ్లీ నేర్పించాలి. ఈ సంగతి ప్యానెల్ తలుపు లోపల అంటించకపోతే రాత్రి షిఫ్టు టెక్నీషియన్ కేబుళ్లు మారుస్తూ కూర్చుంటాడు.

నాట్ పెట్టె పాడై స్పేర్ బిగించినా బయటివైపు ఇదే తంతు. సర్వర్ ఏఆర్‌పీ పట్టికలో (ఏ ఐపీకి ఏ మ్యాక్ అన్నది రాసుకునే జాబితాలో) పాత మ్యాక్ కాసేపు మిగిలిపోతుంది. ఆ పట్టిక చెరిపేసి అప్పుడు పింగ్ చేయండి.