నలుగురం కూర్చుంటే లేపని చోటు కోసం

"మేడమ్, మీ స్లాట్ అయిపోయింది. నెక్స్ట్ గెస్ట్స్ వెయిటింగ్‌లో ఉన్నారు."

ఆ మాట వినేటప్పటికి సూర్యాపేట నోట్లో ఇంకా ముద్ద ఉంది. పాపం, అటు మింగలేక ఇటు మాట్లాడలేక నా వంక చూసింది.

సూర్యాపేట అంటే ఊరు కాదు, మనిషి. కోఠి ఉమెన్స్ కాలేజీ హాస్టల్లో మేం ఒకరినొకరం ఊరి పేరుతోనే పిలుచుకునేవాళ్లం. సూర్యాపేట, బోధన్, తుని, నేను జనగామ. 2005లో మొదలైన పిలుపులు ఇప్పటికీ అవే. నెలకో ఆదివారం నలుగురం కలిసి బయట తినాలని రెండేళ్ల కింద ఒట్టు పెట్టుకున్నాం. సగం నెలలు ఎవరో ఒకరి పిల్లల పరీక్షలకో, అత్తగారి మోకాళ్లకో పోతాయి. మిగిలిన సగం నెలల్లో మాత్రం తిన్నాం.

పైన చెప్పింది అక్టోబరు సంగతి. జూబ్లీహిల్స్ వైపు కొత్తగా తెరిచిన ఒక పెద్ద రెస్టారెంట్. పేరు రాయను. గోడల నిండా ఇత్తడి గంగాళాలు వేలాడదీశారు. వాటిలో ఒక్కదాంట్లోనూ ఏనాడూ ఎవరూ వండిన జాడ లేదు. ముద్దపప్పు అక్షింతలు కలిపేంత గిన్నెలో వచ్చింది. రుచి బాగాలేదని అనను. ఉలవచారు నిజంగానే చిక్కగా, వెన్నపూసతో బాగుంది. కానీ ఆర్డర్ ఇవ్వడానికి ఇరవై నిమిషాలు, అది రావడానికి ముప్పై. గంటన్నర స్లాట్‌లో మాకు మిగిలింది ఎంత? బోధన్ వాళ్ల అమ్మాయి గురించి ఏదో చెప్పడం మొదలుపెట్టింది, సగంలో ఉండగా ఈ స్లాట్ మాట వచ్చిపడింది.

తర్వాత బిల్లు. నేను ట్రెజరీలో పనిచేస్తాను, కాగితం కనపడితే కూడికలు చూడకుండా ఉండలేను. తిన్నది 3,840. దాని మీద పది శాతం సర్వీస్ ఛార్జ్, 384. ఆ రెండూ కలిపి దాని మీద ఐదు శాతం జీఎస్టీ, 211 రూపాయల 20 పైసలు. మొత్తం 4,435.20. సర్వీస్ ఛార్జ్ తీసేయమన్నాను. "కంపెనీ పాలసీ మేడమ్" అన్నాడు మేనేజరు. ఈ ఛార్జీని బిల్లులో దానంతట అదే కలపకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జులైలోనే మార్గదర్శకాలు ఇచ్చింది. హోటళ్ల సంఘాలు కోర్టుకు వెళ్తే, 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు కూడా ఆ మార్గదర్శకాలనే సమర్థించింది. ఇదంతా ఆయనకు నిదానంగా చెప్పాను. 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు ఫోన్‌లో నొక్కి, కాల్ బటన్ మీద వేలు పెట్టి అక్కడే నిలబడ్డాను. రెండో బిల్లు 4,032కి వచ్చింది. తలా 1,008. మిగిలిన నాలుగొందల చిల్లరా మాకు బంగారమేమీ కాదు, కానీ అడగకుండా జేబులో చెయ్యి పెడితే ఎవరికైనా మండుతుంది. మాకు నీళ్లు పోసిన కుర్రాడికి తుని బయటికి వస్తూ వంద రూపాయలు చేతికే ఇచ్చింది. అది వేరే లెక్క.

క్యాబ్ కోసం రోడ్డు మీద నిలబడ్డప్పుడు బోధన్ అంది, "మనకు తిండి దొరక్క కాదే, కూర్చోను చోటు దొరక్క వస్తున్నాం." నిజమే. నలుగురి ఇళ్లలోనూ బాగానే వండుతాం. అందుకే నవంబరు మొదటి ఆదివారం మా పాత ఏరియాకే పోదామని అనుకున్నాం. కాబట్టి ఈ రివ్యూలో రుచితో పాటు ఇంకో కొలత కూడా ఉంటుంది: అక్కడ నలుగురు ఆడవాళ్లు ఎంతసేపు కబుర్లు చెప్పుకోవచ్చు?

పొద్దున్న ఏడున్నరకల్లా చార్మినార్. పక్కనే నిమ్రా కేఫ్. ఇక్కడ కూర్చోవడమనే మాట మర్చిపోవాలి, ఎక్కువమంది నిలబడే తాగుతారు. అదేం లోటుగా అనిపించదు, ఎందుకంటే ఎదురుగా 1591 నాటి కట్టడం పొద్దుటి ఎండలో నిలబడి ఉంటుంది. మనం కూడా దాంతోపాటే నిలబడ్డట్టు ఉంటుంది. ఇరానీ చాయ్‌కి డికాషన్ వేరు, పాలు వేరు. డికాషన్ మూత బిగించిన గిన్నెలో సన్నటి సెగ మీద చాలాసేపు మగ్గుతుంది. పాలు ఇంకోదాంట్లో చిక్కబడేదాకా మరుగుతాయి. రెండూ కలిసేది కప్పులోనే. ఇంట్లో అన్నీ ఒకే గిన్నెలో వేసి మరిగిస్తే ఆ రుచి ఎందుకు రాదో తెలియడానికి నాకు పదేళ్లు పట్టింది.

ఉస్మానియా బిస్కెట్టుకి ఒక పద్ధతుంది. తియ్యగా మొదలై చివర్లో ఉప్పు తగిలే బిస్కెట్టు అది, వేలితో నొక్కితే పొడయ్యేంత గుల్ల. చాయ్‌లో ముంచి మూడు లెక్కపెట్టేలోపు తీయాలి. నాలుగు అన్నామా, సగం కప్పు అడుగుకి చేరుతుంది. సూర్యాపేట ఎప్పుడూ నాలుగు లెక్కపెట్టే రకం. ఇరవై ఏళ్ల కింద కప్పు అడుగున చెంచాతో వెతుక్కునేది, ఇప్పుడూ అదే. ఒకప్పుడు మేం వన్ బై టూ చెప్పుకునేవాళ్లం, ఒక చాయ్ ఇద్దరికి. ఈసారి తలా రెండు తాగాం. ఇంటికి తీసుకెళ్లడానికి ఒక పెద్ద ప్యాకెట్ బిస్కెట్లు కొని, తర్వాత పంచుకుందామని సూర్యాపేట సంచిలో వేశాం.

లాడ్ బజార్ సంగతి రాయను, అది హోటల్ కాదు. రెండు గంటలు పోయాయని మాత్రం చెప్తాను. గాజులు ఒక్క తునే కొంది.

మధ్యాహ్నం మదీనా చౌరస్తా దగ్గర షాదాబ్ హోటల్. ఆదివారం కదా, కింద జనం తేనెపట్టులా ఉన్నారు. మేం పై హాల్లోకి వెళ్లాం, పిల్లాజెల్లాతో వచ్చిన కుటుంబాలు ఎక్కువ. వెయిటర్ పెద్దాయన మెనూ కార్డు ఇవ్వకుండానే "మటన్ బిర్యానీయేనా అమ్మా?" అన్నాడు. మా మొహాల మీద రాసి ఉంది కాబోలు. ముగ్గురికి రెండు మటన్ బిర్యానీలు. బోధన్ మాంసం మానేసి మూడేళ్లయింది, తనకి వెజ్ బిర్యానీ. "దాన్ని బిర్యానీ అనకే, కూరగాయల పులావ్ అను" అని తుని ఏడిపించింది.

హైదరాబాదీ కచ్చీ బిర్యానీ గొప్పదనమంతా అడుగున ఉంటుంది. పచ్చి మాంసానికే పెరుగు, మసాలా, వేయించిన ఉల్లిపాయ పట్టించి దేగ్ అనే పెద్ద గిన్నె అడుగున పరుస్తారు. పైన సగం ఉడికిన బియ్యం. మూత చుట్టూ పిండి అంటించి దమ్ మీద పెడితే, మాంసం, బియ్యం ఒకేసారి ఉడకాలి. కాస్త ముందు దింపితే ముక్క పచ్చి, ఆలస్యమైతే అన్నం ముద్ద. మా ప్లేటులో అన్నం ఒక పక్క తెల్లగా, ఒక పక్క కుంకుమపువ్వు రంగులో, మెతుకు మెతుకు విడిగా ఉంది. ముక్కని చెంచా అంచుతో అలా నొక్కితే చాలు, ఎముకని వదిలేసింది. సూర్యాపేట ఎముకలో మూలుగ కోసం ప్లేటు అంచు మీద టక్కు టక్కున కొడుతుంటే పక్క టేబుల్ పాప కూడా వాళ్ల నాన్న ప్లేటు మీద మొదలుపెట్టింది.

తునికి మాత్రం ఎప్పుడూ ఒకటే గొడవ. "ఇందులో కారం ఏదే?" అంటుంది. వాళ్ల వైపు బిర్యానీ అంటే కళ్లలో నీళ్లు రావాలి. దానికి మందు మిర్చీ కా సాలన్. పల్లీలు, నువ్వులు, కొబ్బరి నూరి, చింతపండు పులుపుతో చేసే ఆ పులుసు పోసుకుంటే తుని కూడా ఊరుకుంటుంది. ఊరుకోవడమేంటి, రెండోసారి అడిగి మరీ పోసుకుంది. సాలన్ గిన్నె అంచుకి తేలిన నూనె ఎర్రగా మెరుస్తుంటే, ఈ రాత్రి గెలుసిల్ వేసుకోవాలి అని నాలో నేను అనుకున్నాను.

చివర్లో ఒక డబుల్ కా మీఠా, ఒక ఖుబానీ కా మీఠా తీసుకుని నలుగురం పంచుకున్నాం. డబుల్ అంటే డబుల్ రొట్టె, అంటే బ్రెడ్డు. హాస్టల్‌కి వచ్చిన కొత్తలో రెండింతలు తియ్యగా ఉంటుంది కాబట్టి డబుల్ అన్నారని నేను బోధన్‌కి చెప్పాను, తను నమ్మింది. ఆ సంగతి ఇప్పటికీ ఎత్తుతుంది.

ఇక్కడ ఎంతసేపు కూర్చోవచ్చు? తిన్నంతసేపు. ఎవరూ ఏమీ అనరు గానీ, ఖాళీ కుర్చీల కోసం చూస్తున్న కుటుంబాలను చూసి మనమే లేస్తాం. ఆకలితో ఉన్న చిన్నపిల్ల మన కుర్చీ వెనక నిలబడి ఉంటే కబుర్లు సాగవు. బోధన్ తన కూతురి సంగతి మళ్లీ ఎత్తలేదు.

కోఠికి ఆటోలో వచ్చాం. కాలేజీ గేటు ఆదివారం మూసి ఉంటుంది, తెరిచి ఉన్నా లోపలికి రానిచ్చేవారు కాదేమో. గేటు బయటి నుంచే నాలుగు ఫొటోలు దిగాం. గోకుల్ చాట్ దగ్గర కట్లెట్, పానీపూరీ తిన్నాం. ఇదీ నిలబడి తినే చోటే, చేతిలో ప్లేటు పట్టుకుని మోచేతులు మోచేతులు తగులుతూ. నెలాఖరులో మా దగ్గర మిగిలిన చిల్లరంతా ఇక్కడికే చేరేది.

2007 ఆగస్టు 25, శనివారం సాయంత్రం కూడా ఇక్కడికే రావాలి మేం. బోధన్‌కి జ్వరమొచ్చింది, వదిలేసి ఎలా పోతామని ఆగిపోయాం. ఇక్కడ బాంబు పేలిన సంగతి తెలిసిన దగ్గర్నుంచి హాస్టల్ ఫోను మోగుతూనే ఉంది. ఒక్కో ఇంటి నుంచి ఒక్కో అమ్మ. మేం ఇప్పటికీ ఆ మాట ఎత్తుకోం. కానీ ఇక్కడికి ఎప్పుడొచ్చినా మొదటి ప్లేటు బోధన్ చేతికే ఇస్తాం, తను కూడా ఎందుకని అడగదు. ఈసారీ అంతే.

సాయంత్రం అయిదున్నరకి మొజంజాహీ మార్కెట్. నడిచే వెళ్లాం, అప్పటికి అందరికీ నడవాల్సిన అవసరం చాలానే ఉంది. 1935లో కట్టిన రాతి మార్కెట్ ఇది, నిజాం రెండో కొడుకు మొజంజా పేరు మీద. 2020లో బాగుచేసి మళ్లీ తెరిచాక రాళ్లు శుభ్రంగా కనిపిస్తున్నాయి, సాయంత్రం లైట్లు కూడా వేస్తున్నారు. లోపల 'ఫేమస్ ఐస్‌క్రీమ్' అనే షాపు. నవంబరు కాబట్టి ఆలోచించే పనే లేదు, సీతాఫలం.

దీని గురించి కాస్త ఆగి చెప్పాలి. సీతాఫలం ఐస్‌క్రీమ్ అని ఊరంతా అమ్ముతారు, చాలాచోట్ల వాసన మాత్రమే సీతాఫలం. ఇక్కడ చెంచాకి గుజ్జు తగులుతుంది. సీతాఫలం తినేటప్పుడు గింజ చుట్టూ ఇసుకలా పలుకులు పలుకులుగా ఉంటుంది చూడండి, ఆ పలుకు నాలిక మీద తెలుస్తుంది. గింజ ఉండదు, గింజ చుట్టూ ఉండే కండ ఉంటుంది. అంత గుజ్జు తియ్యడానికి ఎన్ని చేతులు ఎంత సేపు పట్టాయోనని ప్రతిసారీ అనుకుంటాను. మా ఇంట్లో నాలుగు కాయల గుజ్జు తీసేసరికే నా ఓపిక అయిపోతుంది. తీపి కూడా పండు తీపే ముందు తెలుస్తుంది. బోధన్ రెండు కప్పులు తింది.

కానీ నేను ఈ చోటుకి ఎక్కువ మార్కులు వేసేది కుర్చీలకి. ఆరుబయట, మధ్యలో కుర్చీలు వేసి ఉంటాయి. తిన్న కప్పులు తీసుకెళ్లే కుర్రాడు వస్తాడు, కప్పులు తీసుకుంటాడు, పోతాడు. ఇంకేమైనా కావాలా అని అడగలేదు, లేవమని అసలే అనలేదు. పక్కన పెళ్లి షాపింగ్ సంచులతో ఒక కుటుంబం, అటు పక్క కాలేజీ పిల్లలు, వెనక ఒక ముసలాయన ఒక్కడే కప్పు ముందు పెట్టుకుని గడియార స్తంభం వైపు చూస్తూ. ఎవరి గోల వాళ్లది.

అక్కడ బోధన్ చెప్పింది. అక్టోబరులో స్లాట్ మింగేసిన సంగతే. వాళ్ల అమ్మాయి ఇంజినీరింగ్ వద్దు, బీఏ చదువుతానంటోందట, అదీ కోఠిలోనే. ఇంట్లో రెండు నెలలుగా యుద్ధం. చెప్పడానికి గంటంబావు పట్టింది. మధ్యలో రెండుసార్లు ఏడ్చింది, ఒకసారి నవ్వింది. తుని ఏదో సలహా చెప్పబోతే సూర్యాపేట కాలితో తన్నింది. మేం కేవలం వింటూ, ఇంకోసారి ఐస్‌క్రీమ్ తెచ్చుకుంటూ కూర్చున్నాం. చీకటి పడింది, లైట్లు వెలిగాయి, కుర్చీలు అలాగే ఉన్నాయి.

ఆ రోజు మొత్తం ఖర్చు నేనే రాసుకున్నాను. చాయ్, బిర్యానీ, చాట్, ఐస్‌క్రీమ్, ఆటోలు అన్నీ కలిపినా అక్టోబరు బిల్లు కంటే తక్కువే తేలింది. తుని గాజులు మాత్రం ఈ లెక్కలో లేవు, కలిపితే కథ మారుతుంది.

ఉస్మానియా మెడికల్ కాలేజీ స్టేషన్‌లో మెట్రో ఎక్కాలి. నేను, తుని మియాపూర్ వైపు. బోధన్, సూర్యాపేట ఎల్‌బీనగర్ వైపు. ఇటు ప్లాట్‌ఫామ్ మీదికి వచ్చాక, అటు పక్క నుంచి సూర్యాపేట చెయ్యెత్తి ఏదో ఊపుతూ కనిపించింది. ఉస్మానియా బిస్కెట్ల ప్యాకెట్టు. పంచుకోవడం అందరం మర్చిపోయాం. "ఇప్పుడెట్లనే?" అని ఇటు నుంచి అరిచాను. అది ఏదో చెప్పబోయింది, ఇంతలో మధ్యలోకి రైలొచ్చింది.