ట్యూషన్ పిల్లల కోసం కొన్న యాక్టివిటీ డైస్, మూడు నెలలు వాడాక రివ్యూ

బెంగళూరు మారతహళ్ళిలో మా ఫ్లాట్‌లోనే సాయంత్రం 5 నుంచి 6:30 దాకా ట్యూషన్ చెప్తా, రెండు నుంచి నాలుగో క్లాసు పిల్లలు ఎనిమిది మంది, సగం మనవాళ్ళే, మిగతావాళ్ళు కన్నడ, తమిళ్. పొద్దున్నుంచి స్కూల్లో కూర్చుని, రింగ్ రోడ్డు ట్రాఫిక్‌లో బస్సులో కూర్చుని, ఇంటికెళ్ళి పాలు తాగి మళ్ళీ నా ముందుకొచ్చి కూర్చుంటారు పాపం. 5:25 అయ్యేసరికి ఒకడు పెన్సిల్ చెక్కుతూనే ఉంటాడు, ఒకదానికి అర్జెంటుగా మంచినీళ్ళు కావాలి, అది లేవగానే ఇంకో ఇద్దరికి బాత్రూమ్.

అందుకే ఆన్‌లైన్‌లో 599 పెట్టి ఇది తెప్పించా. జానెడు సైజు స్పాంజ్ డైస్, ఆరు వైపులా ప్లాస్టిక్ పాకెట్లు, అందులో పెట్టుకోడానికి 30 కార్డులు. విసిరితే పైకొచ్చిన కార్డులో ఏముంటే అది చెయ్యాలి: కప్పగంతులు, కొంగలా ఒంటికాలి మీద నిలబడటం, అలాంటివి. ఒక కార్డులో బొమ్మ చూసి నవ్వాగలేదు, హోంవర్క్ చెయ్యకపోతే మా సార్ వేయించిన గోడకుర్చీ అది! ఇప్పుడు డబ్బులిచ్చి కొనుక్కున్నాం, పైగా అది పడితే పిల్లలు చప్పట్లు కొడుతున్నారు.

మొదటి వారం మాత్రం ఘోరం. సగం టైమ్ అయ్యాక పది నిమిషాలు వదిలేశా, మళ్ళీ కూర్చోబెట్టడానికి ఇంకో పదిహేను నిమిషాలు పట్టింది, "మిస్, ఇన్నొందు సల" (ఇంకోసారి) అని ఒకటే గోల. పైగా కింద ఫ్లాట్ చిత్తూరు ఆంటీ పైకొచ్చి "ఏంది మా, పైన వడ్లు దంచతా ఉండారా" అని అడిగేసింది. అప్పట్నుంచి గెంతే కార్డులన్నీ తీసేసి డ్రాయర్‌లో పెట్టా.

తప్పు డైస్‌ది కాదు, నా టైమింగ్‌ది. ఫిన్లాండ్‌లో 45 నిమిషాల పాఠానికి 15 నిమిషాల బ్రేక్ ఇస్తారు కానీ వాళ్ళ పిల్లలు బయటికెళ్ళి ఆడుకుంటారు, నాకున్నది ఒక హాలు, ఒక సోఫా. కెనడాలో రెండు, నాలుగు క్లాసుల పిల్లలతో 4 నిమిషాలు గట్టిగా కదిలించి చూస్తే తర్వాత పాఠంలో దిక్కులు చూడటం తగ్గిందని ఒక స్టడీ ఉంది, అది చదివాక నేనూ నాలుగు నిమిషాలకి దించేశా. ఇరవై నిమిషాలకోసారి, వాళ్ళు పూర్తిగా వాలిపోకముందే, మొత్తం మూడు విసుర్లు, ఆఖరిది ఎప్పుడూ ఊపిరి పీల్చి వదిలే కార్డే. ఆ ఆఖరి కార్డు లేకపోతే మళ్ళీ తిరునాళ్ళే. ఇప్పుడు బ్రేక్ అయ్యాక ఒక పావుగంట అయినా తలొంచుకుని రాస్తున్నారు, నాకు అది చాలు.

ఖాళీ కార్డులు నాలుగిచ్చారు, వాటి మీద ఎక్కాలు రాశా, ఒక్కో లైనుకి ఒక గుంజీ. మూడో క్లాసు బుడ్డోడు ఒకడు రోజూ సెవెన్ ఎయిట్ జా దగ్గరే ఆగుతాడు. ఆ రోజు సగం కిందికి దిగి అక్కడే ఆగిపోయాడు, చెవులు పట్టుకుని, మోకాళ్ళు వణుకుతున్నాయి, లేవడు, అందరూ వాడినే చూస్తున్నారు, ఒక్కసారిగా "ఫిఫ్టీ సిక్స్!" అని అరుస్తూ లేచాడు. మర్నాడు నోట్స్‌లో మళ్ళీ ఫిఫ్టీ ఫోర్ రాశాడనుకోండి. అంటే కుదురుగా కూర్చోడానికి ఇది పనికొస్తుంది, ఎక్కాలు రావాలంటే ఎక్కాలు చదవాల్సిందే, డబ్బా మీద రాసిన బ్రెయిన్ పవర్ కబుర్లు నమ్మకండి.

క్వాలిటీ యావరేజ్. రెండో వారానికే ఒక పాకెట్ కుట్టు ఊడింది, ఫెవిక్విక్ నిలవలేదు, ఆఖరికి సూదీ దారం పట్టా. కార్డులు పెళ్ళి శుభలేఖ కంటే పల్చన, కింద జిరాక్స్ షాపులో లామినేషన్ చేయించా. స్కూల్లో చెప్పే మా వదిన తీసుకెళ్ళింది గానీ నలభై మంది క్లాసులో వెనక బెంచికి డైస్ కనపడదు, విసిరే ఛాన్స్ కోసం కొట్లాట వేరే, రెండు రోజుల్లో తిరిగిచ్చేసింది. తను ఇప్పుడు బెంచి పక్కనే నిలబెట్టి చేతులూ మెడా కదిలించే ఐటమ్స్ చేయిస్తోంది, పైసా ఖర్చు లేదు.

పదిమంది లోపు పిల్లలుంటే కొనండి, ఐదుకి మూడు స్టార్లు. డబ్బా రాగానే పాకెట్లు గట్టిగా లాగి చూస్కోండి, రిటర్న్‌కి ఏడు రోజులే ఇచ్చారు, నాది ఊడింది తొమ్మిదో రోజు.