లిచెస్ రివ్యూ: ఓడిపో పర్లేదు, చెప్పి పో

నిన్న రాత్రి లిచెస్ అనే చెస్ సైట్‌లో మనిషికి పది నిమిషాల గేమ్ ఒకటి ఆడుతున్నా. పద్దెనిమిదో ఎత్తులో అవతలాయన చూసుకోకుండా క్వీన్ ఇచ్చేశాడు, నేను తీసేసుకున్నా. ఆయన క్లాక్‌లో ఇంకా ఆరు నిమిషాల చిల్లర ఉంది. ఇక అక్కణ్ణుంచి ఉలుకూ లేదు పలుకూ లేదు. పేరు పక్కన పచ్చ చుక్క వెలుగుతూనే ఉంది, అంటే మనిషి ఎక్కడికీ పోలేదు, బోర్డు ముందే కూర్చున్నాడు, కానీ ఆడడు. నేను లేచి నీళ్ళు తాగొచ్చా, ఛార్జర్ పెట్టుకున్నా, పాత మెసేజ్‌లకి రిప్లైలు ఇచ్చుకున్నా, వచ్చి చూస్తే ఇంకా మూడు నిమిషాలు. చివరికి ఎనిమిది సెకన్లు ఉందనగా టక్కున ఒక ఎత్తు వేశాడు. ఎందుకో తెల్సా, నేను విసుగొచ్చి లేచిపోయుంటాను, ఇప్పుడు తిరిగేది నా క్లాక్, నేను లేకపోతే నా టైమే అయిపోయి తనే గెలుస్తాడు కదా అని. నేను అక్కడే ఉన్నా, వెంటనే ఆడేశా. అప్పుడు కొట్టాడు రిజైన్, అంటే ఓటమి ఒప్పుకునే బటన్.

గెలిచానన్న సంతోషం కాస్త కూడా మిగల్చలేదు మహానుభావుడు.

ఆ మంటలోనే ఈ రివ్యూ మొదలుపెట్టా, కానీ మంట సైట్ మీద కాదు. లిచెస్‌లో నాలుగేళ్ళ నుంచి ఆడుతున్నా. పజిల్స్ బాగుంటాయి, అనాలసిస్ ఫ్రీ, యాడ్స్ లేవు, 2010లో తిబో డ్యూప్లెసీ అనే ఫ్రెంచ్ ప్రోగ్రామర్ మొదలుపెట్టాడు, విరాళాల మీద నడుస్తుంది, డబ్బులిచ్చినవాళ్ళకి పేరు పక్కన రెక్కల బొమ్మ వస్తుంది తప్ప ఎక్స్‌ట్రా ఫీచర్ ఒక్కటీ రాదు. ఇవన్నీ ఏ రివ్యూలో చూసినా ఉంటాయి. నేను చెప్పాలనుకున్నది వేరే: ఓడిపోతున్నవాడి విషయంలో ఈ సైట్ ఏం చేస్తుంది అని. ఎందుకంటే గెలుస్తున్నప్పుడు అందరూ పెద్దమనుషులే, మనిషి ఎలాంటివాడో తెలిసేది క్వీన్ పోయాకే.

ముందు ఒకటి క్లియర్ చేస్కుందాం. మధ్యలో రిజైన్ చెయ్యడం తప్పు కాదు. చాలామంది కొత్తవాళ్ళు దాన్నే పిరికితనం అనుకుంటారు, కాదు బాబూ, చెస్‌లో అది రూల్స్‌లోనే ఉంది, ప్రపంచ చెస్ సమాఖ్య ఫిడే రూల్ బుక్‌లో గేమ్ ముగిసే పద్ధతుల్లో చెక్‌మేట్ ఎంతో రిజైన్ కూడా అంతే. "నువ్వు గెలిచావు, ఒప్పుకున్నా" అని చెప్పి వెళ్ళడం అది. ట్యాబ్ మూసేసి వెళ్ళిపోవడం వేరు. బోర్డు ముందే కూర్చుని క్లాక్ మొత్తం కరిగించడం ఇంకా వేరు, అది పక్కా తొండి ఆట. మూడింట్లోనూ పోయే రేటింగ్ (మన ఆట స్థాయి చెప్పే అంకె) దాదాపు అంతే. అవతలివాడికి మాత్రం ఒకటి గెలుపు, ఒకటి వెలితి, ఒకటి నరకం.

లిచెస్‌కి ఈ తేడా తెలుసు, నాకు నచ్చింది అదే. గేమ్ మొదలై ఇద్దరూ చెరో ఎత్తు వెయ్యకముందు అయితే అబార్ట్ చెయ్యొచ్చు, అంటే గేమ్ రద్దు, రేటింగ్ పోదు, తొందరపడి గేమ్ పెట్టేశాం, ఎవరో తలుపు కొట్టారు, అలాంటివాటికి అది. ఆ తర్వాత చిన్న జెండా బొమ్మ వస్తుంది, అది రిజైన్. (మనవాళ్ళు పారిపోవడాన్ని జెండా ఎత్తేశాడు అంటారు కదా, ఇక్కడ మాత్రం జెండా ఎత్తినవాడే మర్యాదస్తుడు.) అవతలివాడు చెప్పాపెట్టకుండా మాయమైపోతే మనకి స్క్రీన్ మీద చెప్తుంది, ప్రత్యర్థి వెళ్ళిపోయాడు, ఇన్ని సెకన్లలో నువ్వు గెలుపు తీస్కోవచ్చు అని. ఆ సెకన్లు అయిపోయాక గెలుపు తీస్కోవచ్చు, డ్రా ఇచ్చేయొచ్చు, లేదా పాపం నెట్ పోయిందేమో అని ఆగొచ్చు, మూడూ మన ఇష్టం. ఆ డ్రా ఆప్షన్ పెట్టినవాళ్ళకి ఒక దండం. మనం ఓడిపోయే పొజిషన్లో ఉండి అవతలోడి కనెక్షన్ పోతే గెలుపు తీస్కోడానికి చెయ్యి రాదు, అప్పుడు పనికొచ్చేది అదే. నేను రెండుసార్లు నొక్కా. మూడోసారి కూడా నొక్కాల్సిందే కానీ నొక్కలేదు, రేటింగ్ ఊరిస్తోంది మరి, అబద్ధం ఎందుకు చెప్పాలి.

ఇక పదేపదే ఇలా చేసేవాళ్ళకి ప్లేబ్యాన్. కాసేపు కొత్త గేమ్ మొదలుపెట్టనివ్వదు, మానకపోతే ఆ కాసేపు పెరుగుతూ పోతుంది. దీంట్లో నాకు భలే నచ్చిన సంగతి ఒకటుంది. లిచెస్ కోడ్ మొత్తం ఓపెన్, ఎవరైనా చదవొచ్చు. అందులో ప్లేబ్యాన్ భాగం తీసి చూస్తే దొంగ వేషాలన్నిటికీ విడివిడిగా పేర్లున్నాయి. రిజైన్ చెయ్యకుండా వెళ్ళిపోతే రేజ్‌క్విట్. టైం అయిపోయేదాకా కూర్చుంటే సిట్టింగ్. కూర్చుని కూర్చుని చివర్లో రిజైన్ కొడితే సిట్ రిజైన్. కూర్చుని కూర్చుని చివర్లో ఒక ఎత్తు వేస్తే సిట్ మూవింగ్. నిన్నటి మా మహానుభావుడు ఒకే గేమ్‌లో చివరి రెండూ చేసి చూపించాడు. కావాలని ఓడి రేటింగ్ దించుకునేవాడికి శాండ్‌బ్యాగ్. ఇవి ఊరికే కూర్చుని రాసిన పేర్లు కాదు, అనుభవం మీద వచ్చినవి, ఎవడో ఒకడు ప్రతి వేషం వేసుంటాడు, వీళ్ళు దానికో గడి కట్టుంటారు.

నాకు ఇదంతా ఎలా తెలుసంటే, నేనూ ఆ బ్యాన్ తిన్నా. మొదట్లో. బుల్లెట్ గేమ్‌లు, ఒక నిమిషం క్లాక్, వరసగా ఆరు ఓడిపోయా, ప్రతిసారీ మేట్ కనిపించగానే ట్యాబ్ ఫట్‌మని మూసెయ్యడం, వెంటనే కొత్త గేమ్. ఏడోసారి గేమ్ రాలేదు, ఒక పేజీ వచ్చింది, సారీ, నిన్ను కాసేపు ఆపాల్సొచ్చింది అని. కింద ఎలా తప్పించుకోవాలో కూడా ఉంది: మొదలెట్టిన ప్రతి గేమూ ఆడు, ప్రతి గేమూ గెలవడానికి లేదా కనీసం డ్రాకి ఆడు, ఓడిపోయిన గేమ్‌ని రిజైన్ చెయ్యి, క్లాక్ కరిగిపోయేదాకా కూర్చోకు. తిట్లు లేవు, క్లాసు పీకడం లేదు. నాకు ఆ పేజీ చూసి ముందు కోపం వచ్చింది, నా నెట్ స్లో, మౌస్ బాలేదు, అవతలోడు కంప్యూటర్ ఇంజిన్ పెట్టి ఆడుతున్నాడు, ఆడలేనమ్మ మద్దెల ఓడందట అన్నట్టు నాకు లేని సాకు లేదు. తర్వాత సిగ్గేసింది. ఆ ఆరుగురూ నాలాగే ఎక్కడో కూర్చుని చివరి ఎత్తు వేద్దామని వేలు పెట్టుకుని ఉంటారు కదా, నేను వాళ్ళ మేట్ లాగేసుకున్నా.

ఇదే అలవాటు టీం గేమ్‌కి తీసుకెళ్తే ఏమవుతుందో కూడా చూశా. ఒక షూటర్ గేమ్ ఆడేవాడిని, పేరు ఎందుకులెండి. అయిదుగురం ఉంటాం, మొదటి మూడు రౌండ్లు పోగానే ఒకడు మైక్‌లో అందర్నీ తిట్టి వెళ్ళిపోతాడు, మిగతా నలుగురం అయిదుగురి మీద ఇరవై నిమిషాలు తన్నులు తినాలి, మేం కూడా వెళ్తే మాకూ పెనాల్టీ. మధ్యలో ఆపుదామని ఓటింగ్ పెడితే ఒకడు ఒప్పుకోడు. చెస్‌లో పారిపోయినవాడు పాడుచేసేది ఒక్కడి సాయంత్రం, ఇక్కడ తొమ్మిది మందిది, గెలిచిన అయిదుగురికి కూడా ఆట మజా ఉండదు కదా. అందుకే ఆ తరహా పెద్ద గేమ్‌లు దీని మీద చాలా బుర్ర పెట్టాయి. లీగ్ ఆఫ్ లెజెండ్స్‌లో మామూలుగా 15 నిమిషాలకి సరెండర్ అనాలంటే అయిదుగురూ ఒప్పుకోవాలి, 20 దాటితే నలుగురు చాలు. డోటా 2లో అయితే అయిదు నిమిషాలు కనెక్షన్ లేకుండా పోతే గేమ్ వదిలేసినట్టే లెక్క, అలా వదిలేసేవాళ్ళని లో ప్రయారిటీ క్యూలో పడేస్తారు, చెప్పినన్ని గేమ్‌లు గెలిస్తే గానీ బయటికి రారు. పారిపోయేవాళ్ళందర్నీ ఒకే గదిలో పెట్టి ఇప్పుడు గెలవండి చూద్దాం అనడం, ఐడియా ఎవరిదో గానీ కొంచెం కుళ్ళుబుద్ధి, కానీ కరెక్ట్.

ఫైటింగ్ గేమ్‌ల కథ ఇంకా ఘోరం. స్ట్రీట్ ఫైటర్ 5 2016లో వచ్చినప్పుడు ఓడిపోయే క్షణంలో వైర్ పీకేస్తే చాలు, ఓటమి ఖాతాలో పడేది కాదు. చివరికి కంపెనీవాళ్ళే అలా చేసేవాళ్ళ వీడియోలు రికార్డ్ చేసి పంపండి అని ప్లేయర్లని అడగాల్సొచ్చింది. లిచెస్‌లో ఆ లొసుగు లేదు, పారిపోయినా ఓటమి ఓటమే.

సరే, రిజైన్ మర్యాద అన్నా కదా, మరీ తొందరగా రిజైన్ చేసేవాళ్ళ సంగతి? ఒక పాన్ (బంటు) పోగానే జెండా ఎత్తేవాళ్ళున్నారు. వాళ్ళ మీద నాకు కోపం లేదు, జాలి. ఎందుకంటే ఈ రోగం పెద్దపెద్దవాళ్ళకే ఉంది. 1902లో మాంటే కార్లోలో గేయోర్గ్ మార్కో అనే మాస్టర్, పోపియెల్‌తో ఆడుతూ, పిన్‌లో (కదిలితే వెనకున్న పావు పోయే చోట) ఇరుక్కున్న తన బిషప్ పోయినట్టే అనుకుని రిజైన్ చేశాడు. ఆ బిషప్‌నే జీ1 గడికి లాగితే అటు మేట్ బెదిరింపు, ఇటు క్వీన్ మీద దాడి, గెలిచే గేమ్! 1997లో డీప్ బ్లూ అనే కంప్యూటర్‌తో రెండో గేమ్‌లో ప్రపంచ ఛాంపియన్ కాస్పరోవ్ కూడా అంతే, రిజైన్ చేశాక ఎవరో లెక్కేసి చూస్తే వరస చెక్‌లతో డ్రా దారి ఉన్నట్టు తేలింది. కాస్పరోవ్‌కే కనబడలేదంటే పన్నెండు వందల రేటింగ్‌లో ఉన్న మనకి, అవతలివాడు పొరపాటున స్టేల్‌మేట్ (మనకి వెయ్యడానికి ఎత్తే లేక డ్రా అయిపోవడం) చేసే ఛాన్స్ ఎంత ఉంటుందో ఆలోచించండి. నా లెక్క ప్రకారం బ్లిట్జ్ లాంటి వేగం ఆటలో రూక్ అంత పెద్ద పావు తక్కువున్నా ఆడాలి. అది మొండితనం కాదు, ఆడుతూ ఉన్నంతసేపు. ఆడకుండా కూర్చుంటేనే మొండితనం.

ఇంకో రకం కూడా ఉంది, నిరసనగా వదిలెయ్యడం. 2022 సెప్టెంబర్‌లో అప్పటి ప్రపంచ ఛాంపియన్ కార్ల్‌సన్, నీమన్ అనే కుర్ర ప్లేయర్ చేతిలో ఓడాక సింక్‌ఫీల్డ్ కప్ టోర్నమెంట్ మధ్యలోనే వెళ్ళిపోయాడు, కొన్నాళ్ళకి ఆన్‌లైన్ టోర్నమెంట్‌లో అదే మనిషి ఎదురైతే ఒక్క ఎత్తు వేసి రిజైన్ చేశాడు. 2023లో ఫిడే ఎథిక్స్ కమిషన్ పదివేల యూరోల ఫైన్ వేసింది దేనికంటే, సరైన కారణం లేకుండా టోర్నమెంట్ మధ్యలో వదిలి వెళ్ళినందుకు. అభిమానులు నన్ను తిట్టుకున్నా సరే, నాకు ఆ ఫైన్ న్యాయంగానే అనిపించింది, మిగతా ప్లేయర్ల పాయింట్ల టేబుల్ మొత్తం తారుమారు అయింది కదా.

మళ్ళీ లిచెస్‌కి వద్దాం, పక్కదారి పట్టా. శిక్షలే కాదు, మంచిగా ఉండటానికి కూడా చిన్నచిన్న బటన్లు పెట్టారు. అవతలివాడి క్లాక్ పక్కన ప్లస్ గుర్తు ఉంటుంది, నొక్కితే వాడికి 15 సెకన్లు ఎక్కువ వస్తాయి. చాలామందికి అది ఉందనే తెలీదు. చాట్‌లో గుడ్ గేమ్, వెల్ ప్లేడ్ లాంటివి రెడీగా ఉంటాయి, నొక్కితే చాలు (క్వీన్ తీస్కున్న వెంటనే గుడ్ గేమ్ అని కొట్టేవాళ్ళని ఏం చెయ్యాలో మాత్రం కోడ్‌లో రాయలేదు). టేక్‌బ్యాక్ (వేసిన ఎత్తు వెనక్కి తీస్కోవడం) అడగొచ్చు, ఇవ్వొచ్చు, అసలు వద్దనుకుంటే సెట్టింగ్స్‌లో ఆపేస్కోవచ్చు. జెన్ మోడ్ పెడితే రేటింగ్‌లు కనబడవు, బోర్డు తప్ప దాదాపు ఏమీ ఉండదు, నా బ్యాన్ రోజుల తర్వాత నేను మారింది దాంతోనే అనుకుంటా, అంకె కనబడకపోతే అంత మండదు.

నచ్చనివి. క్లాక్ కరిగించేవాణ్ణి గేమ్ అయ్యాక పట్టుకుంటుంది గానీ గేమ్ జరుగుతుండగా నేను చెయ్యగలిగేది ఏమీ లేదు, వాడి టైం వాడిష్టం, రూల్ అదే, నిజం చెప్పాలంటే నిజంగానే ఆలోచిస్తున్నవాడికీ వీడికీ తేడా మెషీన్ ఎలా చెప్తుంది, అందుకే దీనికి మందు నాకూ తోచట్లేదు, అయినా అర స్టార్ తీసేస్తున్నా. అరీనా టోర్నమెంట్లలో (పెట్టిన టైంలో వీలైనన్ని గేమ్‌లు ఆడేవి) బెర్సెర్క్ అని ఉంటుంది, మన టైం సగం కోసుకుంటే గెలిచినప్పుడు ఒక పాయింట్ ఎక్కువ. కనీసం ఏడు ఎత్తులు ఆడితేనే ఆ పాయింట్ ఇస్తారు, అది మంచి జాగ్రత్త. కానీ అరీనాలో తొందర ఎక్కువ కాబట్టి కొంచెం తేడా రాగానే రిజైన్ కొట్టి తర్వాతి గేమ్‌కి పరిగెత్తేవాళ్ళు ఎక్కువ, పూర్తి గేమ్ కావాలంటే అటు పోకండి, పదిహేను నిమిషాల ర్యాపిడ్ ఆడుకోండి, అక్కడి జనం కాస్త నిదానం.

నాలుగున్నర స్టార్లు. కొత్తగా పెట్టేవాళ్ళు సెట్టింగ్స్‌లో రిజైన్‌కి కన్ఫర్మేషన్ ఆన్‌లో ఉందో లేదో చూస్కోండి, ఫోన్లో వేలు తగిలి గెలిచే గేమ్ పోతే ఆ బాధ వేరు. ఇదే రివ్యూ మధ్యలో ఆపి ఒక గేమ్ ఆడొచ్చా, రూక్ ఎండ్‌గేమ్, నాకు తొమ్మిది సెకన్లు, ఓడిపోయేదే, సడన్‌గా నా క్లాక్ ఇరవై నాలుగు చూపించింది. అవతలివాళ్ళు ప్లస్ నొక్కారు. అయినా ఓడిపోయాననుకోండి. రీమ్యాచ్ అడిగితే వెంటనే వచ్చారు, అందుకే రివ్యూ ఇంత లేటు.