గ్రూప్‌–1 సమకాలీన అంశాల పుస్తకంలో ‘అంతర్జాతీయ అణచివేత’ అధ్యాయం: ఒక అధ్యాపకుడి సమీక్ష

నల్లగొండ గడియారం సెంటర్ దగ్గర ఒక పుస్తకాల దుకాణంలో ఈ పుస్తకాన్ని 140 రూపాయలకు కొన్నాను. దేశం విడిచి వెళ్లిన అసమ్మతివాదులను వారి ప్రభుత్వాలు పరాయి గడ్డ మీద కూడా వెంటాడి బెదిరించడం, దాన్ని ఆపడానికి ఆశ్రయమిచ్చిన దేశాలు చేస్తున్న చట్టాలు అనే ఒక్క అధ్యాయం కోసమే తీసుకున్నాను. డిగ్రీ విద్యార్థులకు రాజనీతి శాస్త్రం చెప్పే నాకు ఈ విషయంపై తెలుగులో పాఠంగా పనికొచ్చేది ఇంతవరకు దొరకలేదు.

చట్టాల భాగం బాగుంది. బ్రిటన్ 2023 జాతీయ భద్రతా చట్టంలో విదేశీ జోక్యానికి గరిష్ఠంగా 14 ఏళ్లు, ఆస్ట్రేలియా 2018 చట్టంలో 20 ఏళ్లు, కెనడా 2024 జూన్‌లో ఆమోదించిన సి–70 అనే బిల్లు ప్రకారం విదేశీ శక్తి కోసం బెదిరిస్తే యావజ్జీవం వరకు శిక్ష ఉందని సరిగానే రాశారు. అంతకన్నా విలువైనది, హత్య, బెదిరింపు ఎప్పటినుంచో నేరాలే అయినప్పుడు వేరే చట్టం ఎందుకు అన్న ప్రశ్నకు రచయిత ఇచ్చిన జవాబు. ఊరేగింపులో ముఖాలను ఫోటో తీయడం, ఒకరి చిరునామా కనుక్కోవడం, ఎవరితో తిరుగుతున్నారో రాసి పంపడం వంటి పనులు విడిగా చూస్తే చిన్నవి, కొన్నయితే నేరాలే కావు. అవి ఒక ప్రభుత్వం కోసం జరిగినప్పుడు మాత్రం ఆ చివర ఇస్తాంబుల్‌లోని సౌదీ కాన్సులేట్‌లో 2018 అక్టోబరు 2న సౌదీ పాత్రికేయుడు జమాల్ ఖషోగ్జీకి జరిగినటువంటి హత్య ఉండవచ్చు. శరణార్థులపై గూఢచర్యాన్ని ప్రత్యేక నేరంగా చూసే స్వీడన్‌ను ఇక్కడ చేర్చి ఉంటే వాదన ఇంకా బలపడేది.

అమెరికా పేజీలో మాత్రం పెద్ద తప్పుంది. ఈ అణచివేతను ఎదుర్కోవడానికి 2023లో సెనేట్‌లో ప్రవేశపెట్టిన బిల్లును చట్టమైపోయినట్లు రాశారు. అది ఆమోదం పొందలేదు. నిజంగా చట్టమైనది 2021 డిసెంబరులో రక్షణ వ్యయ చట్టంతో కలిసి వచ్చిన నిబంధనలు, అవి ప్రధానంగా వివిధ దేశాల పోలీసుల సహకార సంస్థ ఇంటర్‌పోల్ దుర్వినియోగానికి సంబంధించినవి. ఇంటర్‌పోల్ రాజ్యాంగం మూడో అధికరణ రాజకీయ స్వభావం గల జోక్యాన్ని నిషేధిస్తుంది. అయినా రెడ్ నోటీసు (ఒక మనిషిని వెతికి పట్టుకోమని ఇతర దేశాల పోలీసులను కోరే వినతి) పేరుతో ప్రత్యర్థులను పట్టించాలని చూసే ప్రభుత్వాలున్నాయి. మెయిన్స్ రాసే విద్యార్థి ఈ పేజీని నమ్ముకుంటే మార్కులు పోతాయి.

నన్ను ఎక్కువగా బాధపెట్టింది మరొకటి. స్వదేశంలో మిగిలిన కుటుంబాన్ని పట్టుకుని విదేశంలో ఉన్న మనిషి నోరు మూయించడం ఈ అణచివేతలో అతి సులువైన పద్ధతి. దానికి రచయిత రెండు వాక్యాలే ఇచ్చారు. 2023 జులైలో హాంకాంగ్ పోలీసులు విదేశాల్లోని ఎనిమిది మంది ప్రజాస్వామ్య కార్యకర్తల తలపై ఒక్కొక్కరికి పది లక్షల హాంకాంగ్ డాలర్ల బహుమానం ప్రకటించి, వారిలో కొందరి బంధువులను పిలిపించి ప్రశ్నించారు. లండన్‌లోని చట్టం లండన్‌లో బెదిరించిన ఏజెంటును పట్టగలదు, హాంకాంగ్‌లోని తల్లిని కాపాడలేదు. మా జిల్లా విద్యార్థికి దీన్ని చెప్పడం కష్టం కాదు. నిజాం నేల మధ్యలో ఉండి కూడా కృష్ణా జిల్లాకు చెందిన బ్రిటిష్ ప్రాంతంగా ఉన్న మునగాల పరగణా గురించి, నిజాం పోలీసులకు దొరకకుండా హద్దు దాటి అక్కడ తలదాచుకున్నవాళ్ల గురించి, ఊళ్లో ఉండిపోయిన ఇంటివాళ్ల మీద పోలీసులు తీర్చుకున్న కసి గురించి ఇక్కడి ఇళ్లలో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ ఉదాహరణ ఒక్కటి ఉంటే అధ్యాయానికి ప్రాణం వచ్చేది.

కెనడాలో ఖలిస్తాన్‌వాది హర్దీప్ సింగ్ నిజ్జర్ హత్య వెనుక భారత ప్రభుత్వ ఏజెంట్లు ఉండవచ్చని అప్పటి కెనడా ప్రధాని 2023 సెప్టెంబరులో పార్లమెంటులో చేసిన ఆరోపణనూ, దాన్ని భారత్ అసంబద్ధమని తోసిపుచ్చడాన్నీ పూర్తిగా వదిలేయడం సరికాదు. ఇబ్బందికరమైన విషయమనే వదిలేశారేమో, కానీ రెండు వైపుల మాటలూ తెలియకుండా మనవాళ్లు ఈ చట్టాలపై అభిప్రాయం చెప్పలేరు.

శీర్షికలోని ‘అంతర్జాతీయ అణచివేత’ను ‘సరిహద్దు దాటిన అణచివేత’గా మార్చాలి, ఇది దేశాల మధ్య గొడవ కాదు, ఒక దేశం తన మనిషిని వెంటాడడం. అచ్చు స్పష్టంగా ఉంది, కాగితం పలుచన. చట్టాల భాగం కోసం కొనవచ్చు. మా కళాశాల గ్రంథాలయ ప్రతిలో అమెరికా పేజీ దగ్గర సవరణ చీటీ అంటించాను, దుకాణదారుకు కూడా ఒకటి ఇచ్చి ప్రచురణకర్తకు పంపమని చెప్పాను.