ఆర్గానిక్ సర్టిఫికెట్ ఇప్పిస్తామంటే డబ్బు కట్టే ముందు: అది ఎవరి పేరు మీద వస్తుందో చూడండి

నిజామాబాద్, జగిత్యాల వైపు పసుపు రైతులకు ముఖ్యంగా ఈ హెచ్చరిక. మిర్చి, మామిడి వేసేవాళ్లకూ పనికొస్తుంది. కన్సల్టెంట్లమని ఊళ్లు తిరుగుతూ కొందరు ‘మీ పొలానికి ఆర్గానిక్ సర్టిఫికెట్’ అని డబ్బు తీసుకుంటున్నారు. నిజానికి వాళ్లు చేస్తున్నది మీ పొలాన్ని ఇంకెవరి సర్టిఫికెట్లోనో చేర్చడం. ఆ తేడా పంట అమ్ముకునే రోజు దాకా బయటపడదు.

మాది ఆరెకరాల పసుపు. మందులు మానేసి చాలాకాలం అయింది. జీవామృతం, వేపపిండి, పశువుల ఎరువుతోనే నడుపుతున్నాం. విత్తన కొమ్ములను మాంకోజెబ్ అనే తెగులు మందులో ముంచడం కూడా ఆపేశాం. పక్క మండలం నుంచి వచ్చిన కన్సల్టెంట్ ఎకరాకు ఆరు వేలు అడిగాడు. సగం ముందు, సగం కాగితం చేతికొచ్చాక. పాస్‌బుక్ జిరాక్సు, ఆధార్ తీసుకున్నాడు, పొలంలో నిలబెట్టి ఫోటోలు తీశాడు, ఫోన్లో జీపీఎస్ పాయింట్లు పెట్టుకున్నాడు, ఇంగ్లిష్‌లో ఉన్న నాలుగైదు కాగితాల మీద సంతకాలు పెట్టించాడు. ఇండియా ఆర్గానిక్ ముద్ర ఉన్న ఒక పేజీని లామినేషన్ చేయించి ఇచ్చి మిగతా డబ్బు పట్టుకెళ్లాడు.

పసుపు తవ్వి, ఉడకబెట్టి, ఆరబెట్టాక కొచ్చి నుంచి ఒక మసాలా వ్యాపారి ఫోన్ చేశాడు. మార్కెట్ ధర కంటే బాగా ఎక్కువే చెప్పాడు. స్కోప్ సర్టిఫికెట్ (ఎవరి పేరు మీద, ఏ పంటలు ఆర్గానిక్ అని చెప్పే అసలు సర్టిఫికెట్) నంబరు పంపమన్నాడు, పంపాం. కాసేపటికి తిరిగి ఫోన్ చేసి, ‘ఇది మీ పేరు మీద లేదండీ, ఫలానా కంపెనీ పేరు మీద ఉంది, ట్రాన్సాక్షన్ సర్టిఫికెట్ వాళ్లే ఇప్పించాలి’ అన్నాడు. తీరా చూస్తే ఆ సర్టిఫికెట్ వెనక జత చేసిన రైతుల జాబితాలో మేమొక వరుస. అంతే. మా చేతికిచ్చిన లామినేషన్ పేజీలో ఆ జాబితా లేదు, కంపెనీ పేరేమో పేజీ అడుగున చిన్న అక్షరాల్లో ఉంది.

ఇక్కడ విషయం కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే మోసమంతా ఇందులోనే ఉంది. ఎగుమతికి పనికొచ్చే సర్టిఫికెట్ కేంద్ర వాణిజ్య శాఖ వారి ఎన్‌పీఓపీ (జాతీయ ఆర్గానిక్ ఉత్పత్తి కార్యక్రమం) కింద వస్తుంది. దాన్ని వ్యవసాయ ఎగుమతులు చూసే కేంద్ర సంస్థ అపెడా చూస్తుంది. అపెడా నేరుగా పొలాలకు సర్టిఫికెట్ ఇవ్వదు, గుర్తింపు ఉన్న సంస్థలు ఇస్తాయి. రైతు ఒక్కడే తీసుకోవచ్చు, లేదా గ్రూపుగా తీసుకోవచ్చు. చిన్న కమతాలకు గ్రూపు పద్ధతి మంచిదే, ఖర్చు పంచుకోవచ్చు. కానీ గ్రూపు సర్టిఫికెట్ గ్రూపుదే, అందులోని రైతుది కాదు. సరుకు చేతులు మారిన ప్రతిసారీ ఆ లాట్‌కు (ఆ విడత సరుకుకు) విడిగా ట్రాన్సాక్షన్ సర్టిఫికెట్ కావాలి. దానికి దరఖాస్తు పెట్టాల్సింది స్కోప్ సర్టిఫికెట్ ఎవరి పేరు మీద ఉందో వాళ్లే. అంటే మా పసుపుకు తాళంచెవి మాకు తెలియని కంపెనీ దగ్గర ఉంది. వాళ్లకు ఫోన్ చేస్తే ‘మాకే అమ్మండి, యార్డు రేటు ఇస్తాం’ అన్నారు. యార్డు రేటుకు అమ్ముకునేదానికి సర్టిఫికెట్ ఎందుకు? చివరికి అందరి పసుపుతో పాటు నిజామాబాద్ యార్డులోనే పోశాం.

దీనికంటే నన్ను ఎక్కువ భయపెట్టింది ఇంకోటి. గొడవ పడి ఆ జాబితా, మా పొలం డైరీ కాపీలు తెప్పించుకున్నాం. పసుపులో మేము అంతరపంటగా మొక్కజొన్న వేస్తాం, డైరీలో సోయా అని ఉంది. మేం ఏనాడూ కొనని జీవ ఎరువుల పేర్లున్నాయి. సంతకం మాదే, రాత మాది కాదు. దిగుబడి అంచనా మాకు నిజంగా వచ్చేదానికి ఒకటిన్నర రెట్లు. ట్రాన్సాక్షన్ సర్టిఫికెట్లు ఈ అంచనా పరిమాణాన్ని బట్టే ఇస్తారు. కాగితం మీద అదనంగా ఉన్న క్వింటాళ్ల లెక్కలో ఎవరి రసాయన పసుపైనా మా సర్వే నంబరు పేరుతో వెళ్లిపోవచ్చు. అలా జరిగిందని నేను అనడం లేదు. కానీ ఏదో ఒక ఓడరేవులో ఆ లాట్‌లో పురుగుమందు అవశేషాలు దొరికితే అడిగేది మా పొలం గురించే కదా.

ఇలాంటి కన్సల్టెంట్లు చెప్పే మాటలు ఊరూరా దాదాపు ఒకటే. ‘45 రోజుల్లో సర్టిఫికెట్’ అంటారు. పసుపు, మిర్చి లాంటి పంటలకు ఎన్‌పీఓపీలో మార్పిడి కాలం (మందులు మానేశాక ఆర్గానిక్ అని గుర్తించే దాకా ఆగాల్సిన సమయం) రెండేళ్లు, మామిడి, నిమ్మ లాంటి తోటలకు మూడేళ్లు. ముందు నుంచీ మందులు వాడలేదని పక్కా ఆధారాలుంటే కొంత తగ్గించే వీలుంది, కానీ అది సర్టిఫికేషన్ సంస్థ తేల్చాల్సిన విషయం, బైక్ మీద వచ్చిన మనిషి ఇచ్చే మాట కాదు. ‘ఈ ఒక్క సర్టిఫికెట్‌తో ఏ దేశానికైనా పంపొచ్చు’ అంటారు. అమెరికా మన ఎన్‌పీఓపీకిచ్చిన గుర్తింపును ఆపేస్తున్నట్టు 2021లోనే చెప్పేసింది. అక్కడికి పంపాలంటే వాళ్ల సొంత ఆర్గానిక్ పథకం ఎన్‌ఓపీ కింద విడిగా సర్టిఫికెట్ ఉండాలి. కొందరైతే ల్యాబ్ రిపోర్టునే సర్టిఫికెట్ అని చేతిలో పెడుతున్నారు. అది ఆ రోజు ఇచ్చిన శాంపిల్ గురించి మాత్రమే చెబుతుంది. ఐఎస్ఓ (కంపెనీల నిర్వహణ పద్ధతులకిచ్చే) కాగితం చూపించేవాళ్లూ ఉన్నారు, దానికీ మీ పొలంలో మందు కొట్టారా లేదా అన్నదానికీ ఏ సంబంధమూ లేదు. ‘ఒకసారి స్ప్రే చేసినా పర్లేదు, రిపోర్టు నేను చూసుకుంటా’ అన్నవాణ్ని మాత్రం గడప దగ్గర నుంచే పంపించేయండి.

మా కన్సల్టెంట్ అసలు అడగని ప్రశ్న ఒకటుంది: పాలిష్ ఎక్కడ పట్టిస్తారు? మా ఊళ్లో పాలిష్ పట్టే డ్రమ్ము ఒకటే, అందరి పసుపూ అందులోనే తిరుగుతుంది. పొలంలో ఎంత నిష్ఠగా ఉన్నా పక్కవాళ్ల పసుపు పొడి మన కొమ్ములకు అంటుకుంటుంది. సరిగ్గా తనిఖీ చేసే ఇన్‌స్పెక్టర్ పొలం గట్టు, పక్క చేను నుంచి మందు గాలికి రాకుండా వదిలిన బఫర్ స్థలం, నీళ్లొచ్చే కాలువ, నిల్వ గది, డ్రమ్ము అన్నీ చూస్తాడు. మా పొలానికి అలాంటి మనిషి ఎవరూ రాలేదు. ఆ సంగతి ఒక్కటి చాలు, ఎక్కడో తేడా ఉందని అనుకోవడానికి.

డబ్బు ఇచ్చే ముందు కన్సల్టెంట్‌ను వాట్సాప్‌లో రాతపూర్వకంగా అడగండి: స్కోప్ సర్టిఫికెట్‌లో ఆపరేటర్‌గా (అంటే సర్టిఫికెట్ సొంతదారుగా) ఎవరి పేరుంటుంది? నేను బయట అమ్ముకుంటే ట్రాన్సాక్షన్ సర్టిఫికెట్ ఎవరిస్తారు, ఎంత తీసుకుంటారు? గ్రూపు నుంచి బయటికి రావాలంటే ఏం చేయాలి? జవాబు ఫోన్లో చెబుతానంటే ఒప్పుకోకండి. సర్టిఫికేషన్ సంస్థ పేరు అడిగి, అపెడా వెబ్‌సైట్‌లోని గుర్తింపు జాబితాలో ఉందో లేదో చూసి, ఆ సంస్థ ఆఫీసుకే నేరుగా ఫోన్ చేసి ఫీజు కనుక్కోండి. 2025 జనవరిలో వచ్చిన ఎన్‌పీఓపీ కొత్త నియమాల ప్రకారం రైతు గ్రూపుకే చట్టబద్ధమైన గుర్తింపు ఉండాలి. కాబట్టి మీ గ్రూపు రిజిస్ట్రేషన్ కాగితం చూపించమనండి, అందులో సభ్యులుగా మీరున్నారో లేదో చూడండి.

ఎగుమతి ఆలోచన లేనివాళ్లు పీజీఎస్-ఇండియా వైపు చూడండి. కనీసం ఐదుగురు రైతులు గ్రూపుగా ఏర్పడి ఒకరి పొలాలు ఒకరు తనిఖీ చేసుకునే పద్ధతి అది. మార్పిడిలో ఉన్నప్పుడు పీజీఎస్-గ్రీన్, తర్వాత పీజీఎస్-ఆర్గానిక్ ముద్ర వస్తుంది, దేశంలో అమ్ముకోవడానికి చెల్లుతుంది. ఇక ఏడాది టర్నోవర్ నియమాల్లో చెప్పిన పరిమితి లోపుండి, తినేవాళ్లకే నేరుగా అమ్ముకునే చిన్న రైతుకు ఆహార భద్రతా సంస్థ 2017 నియమాల్లో సర్టిఫికెట్ నుంచి మినహాయింపు ఉంది. ప్రభుత్వ ఆర్గానిక్ లోగో మాత్రం వేసుకోకూడదు. ఈ రెండు దారుల గురించీ కన్సల్టెంట్లు నోరు విప్పరు, వాళ్లకేమీ మిగలదు కాబట్టి.

ఇప్పటికే ఇలాంటి గ్రూపులో ఉన్నారని అనుమానం ఉంటే రెన్యువల్ సంతకం పెట్టే ముందు మీ వరుస ఉన్న జాబితా, డైరీ, దిగుబడి అంచనా కాపీలు అడిగి తీసుకోండి. సంతకం అయిపోయాక అడిగితే ఎవరూ ఇవ్వరు. మేము సొంతంగా దరఖాస్తు పెట్టబోతే, ‘మీ సర్వే నంబర్లు వేరే గ్రూపు కింద ఉన్నాయి, అక్కడి నుంచి ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే కాగితం) తెండి’ అన్నారు. కంపెనీ ఇవ్వకుండా నానుస్తోంది. వాళ్లకు సర్టిఫికెట్ ఇచ్చిన సంస్థకు రిజిస్టర్డ్ పోస్టులో ఫిర్యాదు పంపి, కాపీ అపెడాకు పెట్టాం. ఇలా బయటికొచ్చినవాళ్లు ఎవరైనా ఉంటే ఎన్‌ఓసీ ఎలా తెచ్చుకున్నారో రాయండి, మాతో పాటు మా ఊళ్లో ఇంకొందరికీ అదే కావాలి.